పట్టుబడికి ముందు పస్తు

సముద్రపు నాచు మేత వచ్చాక చేపల కడుపులు మారిపోయాయి. ఎంత మేసినా గంటలో అరిగిపోయేది. పూట తప్పితే ఒకదాన్నొకటి పీక్కుతింటాయని మేత వేసే నూకరత్నానికి తెలుసు. అయినా చేపలు పట్టి అమ్మే పట్టుబడికి ముందురోజు వాటిని పస్తు పెట్టే పాత అలవాటు చెరువు కామందు మానలేదు.

"కాసింత మేత జల్లి మనుషుల్ని దించండి బాబూ" అని పట్టుబడి రోజు ఆయన్ని బతిమాలింది.

"పొట్ట ఖాళీగా లేకపోతే సరుకు దారిలోనే కుళ్ళిపోద్దే. దిగండెహె!"

ముందుగా వల పట్టుకుని దిగింది ఆమె మొగుడు పోలయ్య. నడుంలోతుకి వెళ్ళాడో లేదో నీళ్ళు కుతకుతలాడి ఎర్రబడ్డాయి. నూకరత్నం మేత బస్తా చించి అవతలికి కుమ్మరించింది. చేపలు అటు మళ్ళాయి. గట్టుకు లాగేసరికి పోలయ్యకు మోకాళ్ళ కింద ఎముకలే మిగిలాయి.

"పొట్టలు నింపేశావు కదే! ఇవాళ్టి పట్టుబడి పోయినట్టే" అని కామందు రంకె వేశాడు.

"ఇంకా నిండలేదండి" అంటూ నూకరత్నం ఆయన్ని రెండు చేతులా చెరువులోకి నెట్టేసింది.