బానెట్ దొంగ

“దొంగ! దొంగ! పట్టుకోండి!”

తెల్లవారీ తెల్లవారకముందే టీచరమ్మ వేసిన కేకకు వీధి వీధంతా ఉలిక్కిపడి లేచింది.

ఆమె పాఠాలు చెప్పేది బడిలో కాదు, కారులో. భర్త పోయాక ఒక పాత చిన్న పెట్రోలు కారు కొనుక్కుని, నలుగురికీ డ్రైవింగ్ నేర్పుతూ అత్తగారినీ కూతురినీ సాకుతోంది. ఆ కారే ఆ ఇంటికి కూడూ గుడ్డా.

దాని బానెట్ కేబుల్ తెగిపోయి చాలాకాలమైంది. ముందు వేలాడే తీగ లాగితే చాలు, ఎవరికైనా తెరుచుకుంటుంది.

ఇప్పుడు ఆ బానెట్ ఎత్తి, ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు ఒక ముసలాయన. చేతిలో డబ్బా, భుజాన మసిగుడ్డ.

“ఎవరయ్యా నువ్వు? నా బండి మీద చెయ్యెందుకేశావ్?”

ముసలాయన తడబడ్డాడు. “ఏం లేదమ్మా... చూస్తున్నానంతే.”

“పొద్దున్నే వచ్చి చూసి పోవడానికి అదేమన్నా పెళ్ళికూతురా?”

ఎదురింటి టైలరు బనీనుతోనే పరిగెత్తుకొచ్చాడు.

“ఇతన్ని ఇదివరకూ చూశానక్కా. ఈ బండి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. పెట్రోలు లాగేస్తున్నాడు, ఇంకేముంది!”

“అదీ సంగతి! పోయించిన పెట్రోలు పోయించినట్టే ఆవిరైపోతోందేమిటా అనుకుంటున్నా!”

ముసలాయన డబ్బా మూత బిగించాడు. నిద్రపోతున్నవాళ్ళ గది తలుపు వేసినంత మెల్లగా బానెట్ దించాడు.

“ఒక్కసారి స్టార్ట్ చెయ్యి తల్లీ. విని వెళ్ళిపోతాను.”

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. దొంగతనానికొచ్చిందీ కాక దర్జాగా అడుగుతాడా? రెండు చేతులా పట్టి ఒక్క తోపు తోసింది.

ముసలాయన మెట్ల అంచు మీద పడ్డాడు. వెంటనే లేవలేకపోయాడు.

“నాటకాలు!” అన్నాడు టైలరు.

చివరికి గోడ ఆసరాతో లేచి, కాలు ఈడ్చుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

పీడ విరగడైందనుకుంది టీచరమ్మ.

ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు, మలుపు తిరిగినప్పుడల్లా స్టీరింగ్ వెనక ఎర్ర లైటు మిణుకుమనడం మొదలైంది.

“ఇదేమిటి మేడమ్?” అడిగింది నేర్చుకోవడానికొచ్చిన అమ్మాయి.

“వైరు లూజై ఉంటుందిలే. నువ్వు రోడ్డు చూడు.”

ఆయిల్ చూపించుకోమని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. రేపు చూద్దాంలే అనుకుంది. బండి నడుస్తూనే ఉంది కదా, నడిచేదాన్ని కదిలించడమెందుకు?

ఒకరోజు వంతెన ఎక్కుతుండగా, లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు ఇంజన్ టకటకలాడింది. ఆ వెంటనే కీచుమని అరిచి బిగుసుకుపోయింది. కారు ఉన్నచోటే ఆగిపోయింది.

వెనకొచ్చే బస్సువాడు బ్రేకు తొక్కబట్టి సరిపోయింది. లేకపోతే ఆ అమ్మాయికీ టీచరమ్మకీ అక్కడితో నూకలు చెల్లేవి.

తాడు కట్టి కారును షెడ్డుకు లాక్కొచ్చారు.

మెకానిక్ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ పైకి లాగాడు. తుడిచాడు. మళ్ళీ ముంచి తీశాడు. ఎండుపుల్లలా వచ్చింది.

“చుక్క ఆయిల్ లేదమ్మా. బేరింగులు అతుక్కుపోయాయి, క్రాంకు పోయింది. ఇక దీన్ని తుక్కులో వెయ్యాల్సిందే.”

“అదేమిటన్నా! నిన్నటిదాకా లక్షణంగా నడిచిందిగా!”

“నాకూ అదే అర్థం కావట్లేదు. మూడు సిలిండర్ల బుల్లి ఇంజన్. ఇది పట్టేదే మూడు లీటర్లకు తక్కువ. రింగులు అరిగిపోయి, ఆ ఆయిల్‌ని పెట్రోల్‌తో పాటు తగలేసుకుంటోంది. తరచూ పొయ్యకపోతే ఇది ఎప్పుడో పోవాలి. ఎవరు పోస్తున్నారమ్మా?”

టీచరమ్మ గోడకు ఆనుకుంది.

“ఒక ముసలాయన... డబ్బా పట్టుకొచ్చేవాడు. పెట్రోలు దొంగనుకున్నానన్నా.”

మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టాడు.

“సన్నగా, కొంచెం వంగి నడుస్తాడు. భుజాన మసిగుడ్డ?”

“ఆయనే! ఎక్కడుంటాడో చెప్పన్నా. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“ఇంకెక్కడి కాళ్ళమ్మా. మొన్ననే పోయాడు. తుంటి విరిగి మంచాన పడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఎలా పడ్డావు పెద్దాయనా అని చూడబోయినప్పుడు అడిగాను. కాలు జారిందన్నాడు.”

టీచరమ్మ అక్కడే పాత టైర్ల మీద కూలబడింది. తోసిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తూ ఉండిపోయింది.

“నేనే తోశానన్నా” అంది.

మెకానిక్ డిప్‌స్టిక్ తుడిచి మళ్ళీ లోపల పెట్టాడు. ఏమన్నా అంటే బాగుండుననిపించింది ఆమెకు.

“అసలెవరాయన? నా బండి మీద ఆయనకెందుకంత?”

“బండి మీద కాదమ్మా, ఇంజన్ మీద. ఇది ఈ కారుతో పుట్టింది కాదు. నీకు అమ్మినవాడు వేరే కారులోంచి తీసింది వేయించి అమ్మాడు. బిగించింది నేనే. ఏ బండిలో బిగించావని ఆయన వచ్చి అడిగితే చెప్పిందీ నేనే.”

“ఆ కారేమైంది?”

“వెనక నుంచి లారీ గుద్దేసింది. సీట్లతో సహా నుజ్జునుజ్జయింది. ముందున్న ఇంజన్‌కు మాత్రం గీత కూడా పడలేదు. చుట్టుపక్కలవాళ్ళు చేరేసరికి, ఏమీ జరగనట్టు అలాగే తిరుగుతూ ఉందట.”

అతను బానెట్ మీద చెయ్యి వేశాడు.

“వాళ్ళ వీధి మొగలోనే జరిగింది. పరిగెత్తుకొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, తాళంచెవి తిప్పి దాన్ని ఆపింది ఆయనేనమ్మా. స్టీరింగ్ ముందున్నది ఆయన ఒక్కగానొక్క కూతురు.”