హాజీ గారి దగ్గు

"ఒంటెల దగ్గరికి గానీ వెళ్లారా?" డాక్టరమ్మ మూడోసారి అడిగింది.

మంచం మీదున్న తాళాల మేస్త్రి లేదని తల ఊపాడు. మొహానికి ఆక్సిజన్ మాస్కు. పక్కన నిలబడ్డ భార్యకి ఒళ్లు మండింది. నోరు తెరిచి చెప్పడానికి ఏం రోగం ఈయనకి అనుకుని, వెంటనే నాలిక్కరుచుకుంది. రోగం ఉండబట్టేగా ఇక్కడున్నారు.

హజ్ నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది. దగ్గుతూనే గడప తొక్కాడు. ఎవరూ పట్టించుకోలేదు. లక్షలమంది ఒక్కచోట చేరినప్పుడు ఆ మాత్రం దగ్గు రాదా అన్నారు ఇరుగుపొరుగువాళ్లు. అనేసి బిలబిలమంటూ ఇంటి మీదికి వచ్చిపడ్డారు. యాత్ర చేసొచ్చిన మనిషి చెయ్యి కళ్లకద్దుకోవాలని, తమ కోసం దుఆ చేయించుకోవాలని వాళ్ల ఆరాటం.

ఈయనేమో చెయ్యి అందనిస్తేగా. "దగ్గుంది, దూరంగా ఉండండి" అనేవాడు. 'హాజీ గారూ' అని పిలిస్తే చాలు, కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. మనిషి ఎంత మారిపోయాడో అని మెచ్చుకున్నారు జనం. భార్యకైతే కాళ్లు నేలమీద నిలవలేదు.

అక్కడి విశేషాలు చెప్పమంటే మాత్రం తప్పించుకునేవాడు. "మాటల్లో చెప్తే వచ్చేవి కావులే" అనేవాడు. వెళ్లిన నలభై రోజులూ ఫోన్లో గొంతే తప్ప మొహం చూపించింది లేదు. పవిత్రమైన చోట వీడియోలేమిటే అని కూతురికి ఆవిడే సర్దిచెప్పింది.

ఆరో రోజున జ్వరం కాసింది. ఏడో రోజుకి ఆయాసం. ఆసుపత్రికి తెస్తే, హజ్ నుంచి వచ్చాడనగానే విడిగా అద్దాల గదిలో పెట్టారు.

డాక్టరమ్మ ఆవిడని వరండాలోకి పిలిచింది.

"చూడమ్మా, ఈ నెలలో హజ్ నుంచి దగ్గుతో వచ్చినవాళ్లని ఇరవై మందిని చూశాను. అందరూ లేచి ఇంటికెళ్లారు. అక్కడ పట్టుకునే జబ్బులన్నిటికీ ఈయనకి పరీక్షలు చేయించాం. ఒక్కటీ లేదు. ఇచ్చిన మందు పనిచెయ్యట్లేదు. ఇలాగే ఉంటే రేపటికి నా చేతుల్లో ఏమీ ఉండదు."

"మరి వేరే మందు లేదా అమ్మా?"

"చాలా ఉన్నాయి. ఈ జబ్బు ఎక్కడ అంటించుకున్నాడో తెలిస్తే ఏది ఇవ్వాలో తెలుస్తుంది. ఏది అడిగినా తల ఊపి ఊరుకుంటున్నాడు. నువ్వే ఎలాగోలా రాబట్టాలి."

ఆవిడ మాస్కు బిగించుకుని లోపలికెళ్లింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడి మీద గొంతు పెంచని రోజు లేదు. ఇవాళ ఆ గొంతు తగ్గించి బతిమాలింది.

"ఏమండీ, మీ కాళ్లు పట్టుకుంటాను. అక్కడ ఎవరి పక్కన పడుకున్నారు? ఏం తిన్నారు? ఎక్కడెక్కడ తిరిగారు? తప్పే చేశారో, ఒప్పే చేశారో, నాకనవసరం. మీరు బతికితే చాలు. మీరు పోతే నేనేమైపోవాలి?"

మేస్త్రి అద్దం వైపు చూశాడు. అవతల కూతురు, తమ్ముడు, వీధిలోవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. హాజీ గారికి నయం కావాలని చేతులెత్తి అడుగుతున్నారు.

"వాళ్లకి వినబడదుగా?" అన్నాడు.

"వినబడదు. చెప్పండి."

మాస్కు పక్కకి జరిపాడు. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

"నేను విమానమే ఎక్కలేదే... ఏజెంటు ముంచేసి పోతే, మీకు మొహం చూపించలేక, ఆ నలభై రోజులూ పక్క ఊళ్లో పావురాలమ్మేవాడి దగ్గర గూళ్లు గీకి రెట్టలు ఎత్తిపోశాను."