గురువారం ఫోను

సముద్ర తాబేళ్ల వైద్య కేంద్రంలో ఆ పొద్దున ఎవరికీ ఊపిరి సలపడం లేదు.

వాలంటీర్లు గొట్టాలు పట్టుకుని తొట్టెలు కడుగుతున్నారు. ఆఫీసు చూసుకునే ఆవిడ రిసీవరు మెడ కింద ఇరికించుకుని, దాతలకు పంపాల్సిన ఉత్తరాలు కవర్లలో పెడుతోంది.

అవతల ఎవరో మగమనిషి. గొంతులో బాగా నీరసం.

"పోయిన వారం మీ దగ్గరికొక తాబేలు వచ్చింది కదండీ. వల తాడు ముందు రెక్కలోకి దిగిపోయింది. ఎలా ఉందండీ?"

ఆమె రిజిస్టరు తిప్పి చూసింది. ఏడో తొట్టె. చేపల పడవ వాళ్లు తెచ్చి అప్పగించారని రాసి ఉంది.

బానే ఉందని చెప్పి, మీరు దాతలా, వాలంటీరా, ఏదైనా సంస్థ తరఫునా అని అడిగింది.

"ఏదీ కాదండీ. ఊరికే తెలుసుకుందామని."

ఊరికే తెలుసుకునేవాళ్లకు ఆమె ఫారంలో గడి లేదు. మంచిదండీ అని పెట్టేసింది.

పై గురువారం సరిగ్గా అదే వేళకు మళ్లీ ఫోను. ఆ పై గురువారమూ అంతే.

ఏం తింటోంది, నీళ్ల అడుక్కి మునుగుతోందా, పైనే తేలుతోందా అని అడిగేవాడు. ఆమె సగం వింటూ, సగం కంప్యూటరు చూస్తూ ముక్తసరిగా జవాబు చెప్పేది.

వాలంటీర్లు అతనికి గురువారం మావయ్య అని పేరు పెట్టేశారు. అక్కా, మీ మావయ్య లైన్లో ఉన్నాడు అని ఆటపట్టిస్తే ఆమె కూడా నవ్వేది.

ఒకసారి మాత్రం విసుగొచ్చింది.

"అంత ప్రేముంటే వచ్చి చూడొచ్చు కదండీ. తొట్టెలు కడగడానికి మనుషులు చాలక చస్తున్నాం."



"రావాలనే ఉందండీ. కుదరదు."

కుదరదనేవాళ్లను ఆమె రోజుకు పదిమందిని చూస్తుంది. అతన్నీ ఆ జాబితాలో కలిపేసింది.

అయితే రెండు నెలలు గడిచేసరికి, ఎందుకో తెలియదు, బుధవారం సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఏడో తొట్టె దగ్గర ఆగడం ఆమెకు అలవాటైంది. మర్నాడు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

దెబ్బ తగిలిన రెక్కతో అది మొదటిసారి నీళ్లు కొట్టిన వారం, నా బట్టలన్నీ తడిపేసిందండీ అని చెప్పింది. అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి మారి చాలాసేపు ఆగలేదు.

సముద్రంలోకి వదిలే రోజు ఖాయమయ్యాక అతను ఒకే ఒక్క కోరిక కోరాడు.

"అప్పుడొక్కసారి ఫోను చేసి దాని దగ్గర పెడతారా? అది నీళ్లలోకి దిగే చప్పుడు వింటాను."

"తప్పకుండా చేస్తానండీ," అని నంబరు రాసుకుంది.

ఆ రోజు ఒడ్డంతా జనం. దాతలు, పత్రికల వాళ్లు, కేంద్రంతో కలిసి పనిచేసే సంస్థల వాళ్లు. తాబేలును తెచ్చి ఇచ్చినందుకు పడవ యజమానికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన రెండు మాటలు మాట్లాడి ఫొటోలకు నిలబడ్డాడు.

కుర్చీలు చాలలేదు. మైకు మొరాయించింది. ఆమె కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగింది.

తాబేలు ఇసుకలో నాలుగడుగులు పాకి ఆగింది. తల ఎత్తింది. అల వచ్చింది. అల వెనక్కి వెళ్లేసరికి అది లేదు.

అందరితో పాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఫోను సంగతి తిరుగు దారిలో, వ్యానులో గుర్తొచ్చింది. ప్రాణం చివుక్కుమంది. గురువారం ఎలాగూ చేస్తాడు, అప్పుడు సర్దిచెప్పుకోవచ్చులే అనుకుంది.

గురువారం ఫోను మోగలేదు.

తర్వాతి వారం ఆ వేళకు ఎవరినీ లైను ముట్టుకోనివ్వలేదు. అప్పుడూ మోగలేదు. వాలంటీర్లు మావయ్య ఊసెత్తడం మానేశారు.

ఏడో తొట్టెలోకి ఇంకో తాబేలు వచ్చింది. బుధవారం సాయంత్రం ఆమె కాళ్లు వాటంతటవే అక్కడ ఆగేవి. అది తిన్నదీ, ఈదిందీ అన్నీ చూసేది. చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. ఆ నీరసపు గొంతు ఒక్కసారి "ఎలా ఉందండీ" అంటే చాలుననిపించేది.

మూడో గురువారం తనే నంబరు నొక్కింది.

అతని అక్క ఎత్తింది. తమ్ముడు పోయి పద్దెనిమిది రోజులైందని చెప్పింది. ముప్పై ఒక్కేళ్లట.

ముప్పై ఒకటి. తన సొంత తమ్ముడి కన్నా చిన్నవాడు.

ఫోను చేస్తానని మాటిచ్చి మరిచిపోయింది నేనేనండీ అని ఎలాగో చెప్పింది.

"ఆ రోజంతా ఫోను గుండెల మీదే పెట్టుకున్నాడమ్మా. సాయంత్రానికి, పాపం ఆవిడకెంత పనో, అది మాత్రం క్షేమంగా వెళ్లే ఉంటుందిలే అన్నాడు."



"ఆ తాబేలంటే ఆయనకు ఎందుకంత ఇదో, ఒక్కసారీ అడగలేదండీ," అంది ఆమె.

"మీకు చెప్పలేదా అమ్మా?" అంది అక్క. "పడవ యజమాని వద్దని అరుస్తున్నా వినకుండా నీళ్లలోకి దూకి, దాని వల తాళ్లు కోసింది మా వాడే. దాన్ని పైకి అందించేలోగా పడవ ఊగి వెన్నుకి కొట్టింది. మళ్లీ మంచం దిగలేదు."