మసి హెల్మెట్

"హెల్మెట్ ఇలా ఇవ్వమ్మాయ్. కడగాలి."

బ్రిడీ ఇవ్వలేదు. వీపు వెనక దాచుకుంది.

అగ్నిమాపక దళంలో శిక్షణకి చేరి ఆరు వారాలైంది. నిజమైన మంటలోకి వెళ్ళి రావడం ఆమెకి ఇవాళే మొదలు. పసుపు హెల్మెట్‌కి నుదుటి మీద ఇంత మసి పట్టింది.

"ఈ ఒక్కసారికి వదిలెయ్, తాతా."

"ఒక్కసారి వదిలితే అదే అలవాటవుతుంది."

ముసలాయన పేరు నెవిల్. శిక్షణ కోసం మంట పెట్టే గది బయట బకెట్టు, బ్రష్షు పెట్టుకుని నిలబడతాడు. వచ్చినవాళ్ళ చేత కోట్లూ బూట్లూ కడిగిస్తాడు. మెడ వెనక, చెవుల సందుల్లో కూడా వెతుకుతాడు. జీతం తీసుకోడట. అందరూ సబ్బు తాత అంటారు.

"మంట ఆర్పేది పది నిమిషాలు, స్నానం అరగంట. మనం ఫైర్‌మెన్‌లమా, పెళ్ళికూతుళ్ళమా?" అని నవ్వుకుంటారు.

ఇప్పుడు శిక్షణలో మీట నొక్కితే మంట ఆరిపోతుంది. వెనకటి రోజుల్లో అలా కాదు. టైర్లు తగలబెట్టి, ముసుగులు లేకుండా ఆ పొగలోకి తోసేవారు. ఎవడి మొహం ఎక్కువ నల్లబడితే ఆ సాయంత్రం వాడికి బీరు.

బ్రిడీ నాన్న మిక్ ఆ రోజులవాడు. ఇంట్లో ఆయన శిక్షణనాటి ఫొటో ఉంది. నల్లటి మొహంలో పళ్ళు మాత్రమే తెల్లగా, చంకలో నల్లటి హెల్మెట్. భుజం మీద ఎవరిదో చెయ్యి. ఆ చేతి మనిషిని అమ్మ ఎప్పుడో కత్తెరతో తీసేసింది. ఎవరని అడిగితే చెప్పలేదు.

బ్రిడీకి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన కేన్సర్‌తో పోయాడు. నాన్నలాంటి హెల్మెట్ ఒక్కటి చాలు అనుకునే ఆమె ఈ ఉద్యోగంలోకి వచ్చింది.

"మా నాన్న హెల్మెట్ ఎప్పుడూ కడగలేదు, తెలుసా?"

బ్రష్షు ఆగింది. "మీ నాన్న పేరు?"

"మిక్ కెల్లహర్."

ముసలాయన హెల్మెట్ లాక్కున్నాడు. ఒకటికి మూడుసార్లు కడిగాడు. మసి చుక్క కూడా మిగల్లేదు.

బ్రిడీకి ఏడుపొచ్చింది. తిన్నగా శిక్షకుడు టెవిటా దగ్గరికి పోయింది.

"ఆ తాత నా హెల్మెట్ లాక్కున్నాడు. నన్ను తోశాడు కూడా."

లాక్కోవడం నిజం. తోయడం ఆమె కోపం కల్పించింది.

మర్నాటి నుంచి నెవిల్ రాలేదు. పీడా వదిలిందనుకుంది బ్రిడీ. ఎవరి కోట్లు వాళ్ళే కడుక్కున్నారు, పైపైన.

శిక్షణ ముగిసిన రోజు, కవాతు అయ్యాక, టెవిటా ఆమెను పక్కకి పిలిచాడు.

"నెవిల్ పోయిన వారం పోయాడు. ఈ కవరు నీకిమ్మన్నాడు."

"పోయాడా? ఎలా?"

"మీ నాన్నకొచ్చిన జబ్బే, ఆ మసి వల్ల వచ్చేదే. శిక్షణలో ఈ కడుగుడు పెట్టమని పదేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పెట్టాక, ఆ పని నాకే ఇవ్వండన్నాడు. మీరెవరూ ఎరగరు."

బ్రిడీ కవరు అందుకోలేదు.

"ఆయన నన్ను తొయ్యలేదు, టెవిటా. నేనే అబద్ధం చెప్పాను."

టెవిటా కవరు ఆమె చేతిలో పెట్టాడు.

"అడిగితే, తోశానేమోలే అన్నాడమ్మా. ఆ పిల్లని ఏమీ అనొద్దన్నాడు."

కవరులో ఫొటో ఉంది. ఇంట్లో ఉన్నదే, కానీ కత్తెర పడనిది. నల్లటి మొహంతో నాన్న. ఆయన భుజం మీద చెయ్యి వేసి, శిక్షకుడి టోపీలో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న నెవిల్.

బ్రిడీ వెనక్కి తిప్పింది.

వణికిన అక్షరాలు ఇలా ఉన్నాయి: "ఆ రోజు మిక్ హెల్మెట్ కడుక్కోబోతే, వద్దురా, అదే నీ పతకం అని ఆపినవాణ్ణి నేనే."