రెండో చరణంలో దగ్గు

"ఈడ కోసి అతికిస్తే అయిపోతది. కానీ దగ్గు పోతది," అన్నాడు హమీద్, నలిగిన రీలును బల్బు వెలుగులో పట్టుకుని.

రాజ్యశ్రీ గడియారం చూసింది. మూడుంబావు. నాలుగింటికి కాలనీ క్లబ్బులో దేవ్‌సింగ్ సంతాపసభ. బొగ్గుబాయి కార్మికుల గాయకుడాయన. ఎన్ని పాడినా జనానికి కావలసింది ఈ కేసెట్‌లోని ఒక్క పాటే. దాన్ని మాత్రం ఆయన ఏ వేదిక మీదా మళ్లీ పాడలేదు. అడిగితే, అది ఒక్కసారే వచ్చిందని నవ్వి తప్పించుకునేవాడు. మిగిలిన ఒకే ఒక్క కేసెట్‌ను ఆయన భార్య నమ్మి చేతిలో పెడితే, సభదాకా ఆగలేక రాజ్యశ్రీ పొద్దున్నే పాత టేప్‌రికార్డర్‌లో వేసింది. అది కాస్తా రీలును నమిలేసింది. ఇప్పుడు పాట రాకపోతే ఆవిడకు ఏ మొహం చూపించాలి?

"దగ్గు పోవద్దు చాచా. నాయన రెండో షిఫ్టుకు పోతే ఈ పాట వింటేనే నాకు ధైర్యం. పిల్లలమంతా ఆ దగ్గుతో సహా పాడేటోళ్లం."

"తప్పు గదా బిడ్డా అది. మంచిగ పాడేటోడు నడుమ దగ్గుతడా?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. గొంతు ఆపరేషన్ తర్వాత గుసగుస తప్ప మిగలని మనిషి, పాటకు వంకలు పెడుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు బాయిలో బదిలీ పనివాడు, ఎవరు డ్యూటీకి రాకపోతే వాళ్ల బదులు దిగేవాడు. పాట సంగతి ఆయనకేం తెలుసు? కానీ ఇల్లెందులో ఇంకా కేసెట్లు బాగుచేసేది ఆయనొక్కడే.

"దగ్గు లేకపోతే అది దేవ్‌సింగ్ మామ పాటే గాదు," అని మాత్రం అంది.

హమీద్ బ్లేడు పక్కన పెట్టాడు. మడతల్ని గోటితో ఒక్కొక్కటే సాపు చేసి, అంచు చిరిగిన చోట సన్నటి టేపు అంటించాడు. కేసెట్ డబ్బాలోని పాట పేరున్న కాగితం తీసి, మడత విప్పి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడూ నలభై అయింది.

బటన్ నొక్కాడు. గరగర. పాట ఎత్తుకుంది. రెండో చరణంలో చిన్నగా దగ్గు వినబడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. హమీద్ పెదవులు కూడా పాటతోపాటు కదులుతున్నాయి, ఒక్క మాట తప్పకుండా. ఈయనా అభిమానే అన్నమాట. ఇందాకటి కోపానికి సిగ్గుపడింది.

"కాగితం గూడ ఇయ్యి చాచా. మామ చేతిరాత అది."

"అదెందుకులే బిడ్డా."

"అత్త అడుగుతది."

హమీద్ జేబులోంచి తీసి ఇచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆటో కదిలాక రాజ్యశ్రీ మడత విప్పింది. పైన పాట పేరు. లోపలివైపు, దేవ్‌సింగ్ రాతలో, ఒకే ఒక్క వాక్యం.

"నా గొంతు పడిపోతే, నాకు బదిలీగా హమీద్ పాడిండు."