పచ్చబోర్డు పరీక్ష

"పోయింది! నే చెప్పలేదూ?" కంప్యూటర్ల దుకాణంలో వదిన కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

పొద్దుటినుంచీ వదినా మరదళ్ళిద్దరూ బల్లమీది బోసి పచ్చ మదర్‌బోర్డుచేత ఊపిరాడనివ్వకుండా పని చేయిస్తున్నారు. దాని వేడెంతో పక్కనే ఉన్న వదిన కంప్యూటర్ తెరమీద కనబడుతోంది. ఆ తెర ఇప్పుడు టప్పున నల్లబడింది.

రాత్రింబవళ్ళు ఆగకూడని ఆసుపత్రి కంప్యూటర్లకు ఏ బోర్డు వెయ్యాలన్నదే పందెం. మరదలు పచ్చదానివైపు. వదిన తన కంప్యూటర్లో ఉన్న రంగుల లైట్ల బోర్డువైపు.

"బోర్డంటే నాదానిలా కళకళలాడాలే! దీని మొహం చూడు."

"మొహం కాదు వదినా, కరెంటును నిలకడగా ఉంచే ఈ కెపాసిటర్లు చూడు. ఎంత గట్టివి వేశారో!"

"అంత గట్టివైతే ఎందుకు చచ్చిందట?"

మరదలు వంగి చెవి పెట్టింది. పచ్చబోర్డుమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"వదినా, ఇది బతికే ఉంది!"

"మరి చచ్చిందేది?"

ఇద్దరూ ఒక్కసారే వదిన కంప్యూటర్ వైపు తిరిగారు. రంగుల లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. మూత తీస్తే గుప్పున కమురు వాసన. లోపల కెపాసిటర్లు అలిగిన పిల్లల బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి.

"పరీక్ష రాసింది నిక్షేపంగా ఉంది, కాపలా కూచున్నది పోయింది!" మరదలు కడుపు పట్టుకుని నవ్వింది.

వదిన మూతి ముడిచింది. ఎంతోసేపు ఆపుకోలేక పకాలున నవ్వేసింది. నవ్వుతూనే స్క్రూడ్రైవర్ అందుకుంది.

"ఆసుపత్రికి పచ్చవే తెప్పించు."

"మరి నువ్వేం విప్పుతున్నావ్?"

"ఈ లైట్ల పట్టీ ఆ పచ్చదానికి తగిలిద్దామే. పాపం, గెలిచి కూడా బోసిగా ఉంటే ఏం బావుంటుంది?"