డోలు లేని కచేరీ

"మా ఇంటాయన కరోనాతో సచ్చినప్పుడు మా గడప కూడా తొక్కలేదు నువ్వు. ఇప్పుడు యాలప్పా ఆ రోజుల మింద కచేరీ?" పుంగనూరు హాల్లో ముందు వరుసలోంచి రెడ్డెమ్మ గట్టిగానే అడిగింది.

వేదిక మీద చెంగల్రాయులు సన్నాయి ఎత్తాడు. ఒక్కడే ఊదసాగాడు. ముప్పై ఏళ్లు అతని పక్కన డోలు వాయించింది ఆమె భర్త గురవప్పే.

పల్లవి దాటాక సన్నాయి ఆగింది.

"ముసలాయనకు ఊపిరి అందలే," అని వెనక ఎవరో నవ్వారు.

రెడ్డెమ్మ నవ్వలేదు. అది సన్నాయికి డోలు జవాబిచ్చే చోటు. ఆ చోటును అతను ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

తిట్టిపోదామని వచ్చిన ఆమె వేళ్లు కుర్చీ చేతి మీద ఆ దరువే వేస్తున్నాయి.

చెంగల్రాయులు మళ్లీ సన్నాయిని పెదాలకెత్తాడు.

"ఉండప్పా," అంది కోపంగానే. "మా ఇంటాయన డోలుకు ఇంగా రెండు దెబ్బలుండాయి."